గుండె నిబ్బరం ప్రయోగం

తనిఖీ అధికారిగారికి గుండె లేదని ఏడో తరగతి శాస్త్రీయంగా నిరూపించింది. ఇందుకు ఎవరూ కంగారుపడనక్కర్లేదని హెడ్మాస్టరుగారు అక్కడికక్కడే ప్రకటించారు కూడా.

తప్పంతా సైన్సు టీచరమ్మదే. ఏటా బడి తెరిచినప్పుడు పెట్టుకుని, మూసినప్పుడు తీసేసే ఉద్యోగం ఆవిడది. అధికారిగారు ఊఁ అంటే ఈసారి పర్మనెంటు. అందుకే పాఠం చెప్పి ఊరుకోకుండా ప్రయోగాలకు దిగింది. మట్టిముద్దలో గుచ్చిన అగ్గిపుల్ల పిల్లల మణికట్టు మీద నాడికి తగ్గట్టు ఊగింది. గరాటుకు రబ్బరు గొట్టం తగిలించి, గంతులేసి వచ్చిన వాళ్ళ గుండెచప్పుడు తక్కినవాళ్ళు విన్నారు. అంతటితో ఆగితే బాగుండేది.

"నాది కూడా వినండర్రా. ఆదర్శంగా ఉంటుంది" అంటూ అధికారిగారు ముందుకొచ్చారు. ఒంటి మీద దళసరి కోటు, దాని ఎడమ జేబులో లావుపాటి డైరీ, పైన ఉత్తమ సేవకు తన పేరు తానే సిఫారసు చేసుకుని సంపాదించిన పతకం.

వసపిట్ట అని పేరుపడ్డ పిల్ల గరాటు ఆనించి, చెవి రిక్కించి, తేల్చేసింది.

"టీచర్, ఈ సార్‌కి గుండె లేదు!"

టీచరమ్మ గుండె గుభేలుమంది. "సార్, కోటు ఒక్కసారి తీస్తే..."

"డ్యూటీలో కోటు తీయకూడదని రూలుంది. రాసింది నేనే."

అధికారుల నాడి పట్టడంలో హెడ్మాస్టరుగారు సిద్ధహస్తులు. ఆయనకు అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు. గొంతు సవరించుకున్నారు.

"విద్యార్థులారా! చప్పుడు చేసేది చిన్న గుండె. బాధ్యతలు పెరిగేకొద్దీ గుండె నిమ్మళిస్తుంది. మీరిప్పుడు విన్నది, అనగా వినకపోయినది, సాక్షాత్తూ గుండె నిబ్బరం!"

చప్పట్లు మారుమోగాయి. అధికారిగారి కళ్ళు చెమర్చాయి. గుండె లేకపోయినా ఆ సౌకర్యం ఉంటుంది కాబోలు. ఆయన సుద్దముక్క అందుకుని, బోర్డు మీద "గుండె కొట్టుకొనును" అన్న వాక్యం ముందు "పదవి లేనివారికి" అని చేర్చారు. పాఠం ఒక్కసారిగా ఆధునికమైంది.

"ఏమంటారు టీచర్? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి."

ఆవిడ చెయ్యేసుకుంది. అరచేతి కింద దబదబమంటోంది. బోర్డు వంకా చూసింది, పిల్లల వంకా చూసింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"అంతేనండి" అంది.

పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. అధికారిగారు మెచ్చుకుని, పర్మనెంటు సంగతి తాను చూసుకుంటానని చెప్పి కారెక్కారు.

టీచరమ్మ కుర్చీలో కూలబడింది. వసపిట్ట ఊరుకుంటుందా? గరాటు తెచ్చి ఆవిడకు ఆనించింది.

"టీచర్! మీది ఇంకా కొట్టుకుంటోంది! ఎంత గట్టిగానో!"

టీచరమ్మ ఉలిక్కిపడి తలుపు వైపు చూసింది.

"ష్! మెల్లగా చెప్పవే తల్లీ. ఆర్డరు ఇంకా చేతికి రాలేదు."