దోమల మందు గదిలో తనిఖీ

సోమవారం ఉదయం పదిన్నరకు భద్రతా తనిఖీ అధికారి పురపాలక కార్యాలయంలోని జనన మరణాల విభాగాన్ని తనిఖీ చేశారు. గుమ్మం బయటే నిలబడి చేశారు. గాలి బాగుందో లేదో తేలని గదిలో తనిఖీ అధికారులు అడుగు పెట్టరాదని నిబంధన ఉంది. అది తేల్చడానికే ఆయన వచ్చారు.

ఫిర్యాదు చేసింది ఆ గదిలో ధ్రువపత్రాలు ఇచ్చే గుమస్తా. ఆఫీసంతా ఆమెను జననమరణాల అక్క అంటుంది. ఆమె కుర్చీ వెనక గోడ పొడవునా దోమల మందు డ్రమ్ములున్నాయి. గోదాము కప్పు కారుతోందని వాటిని తాత్కాలికంగా ఇక్కడికి చేర్చారు. ఆ తర్వాత రెండు ఎన్నికలు జరిగాయి. గదిలో దోమలు లేవు. మేనేజరు దాన్ని విభాగం సాధించిన ప్రగతి కింద చూపిస్తున్నారు.

అక్కకు దగ్గు పట్టుకుంది. కళ్లు మండుతున్నాయి. పేరు పిలిస్తే క్యూలో మొదటి మనిషికి కూడా వినపడనంతగా గొంతు పోయింది. "ఇంట్లో ఇప్పుడిప్పుడే ప్రశాంతంగా ఉంది, ఇంకొన్నాళ్లాగి ఫిర్యాదు చేయకూడదూ?" అన్నాడు భర్త. ఆమె ఆగలేదు. డ్రమ్ములన్నా పోవాలి, తననన్నా వేరేచోట కూర్చోబెట్టాలి అని కోరింది.

తనిఖీకి ఏర్పాట్లు ఘనంగా జరిగాయి. డ్రమ్ములకు రంగు వేశారు. ఒక్కోదాని మీద ఒక పూలకుండీ పెట్టారు. పూలు సాయంత్రానికే తల వాల్చేయడంతో ప్లాస్టిక్ పూలు తెప్పించారు. దగ్గేవాళ్లంతా సెలవు పెట్టాలని మేనేజరు నోటిమాటగా ఆదేశించారు. అక్క పెట్టలేదు.

"అమ్మా, మీకు దండం పెడతాను. ఆయన వెళ్లేదాకా దగ్గకండి. ఆఫీసు పరువు" అన్నారు మేనేజరు.

"దగ్గు బిగబడతా సార్. ఊపిరి కూడా బిగబట్టమంటారా?"

"అదైతే మరీ మంచిది."

అధికారి వెంట గాలిని కొలిచే మీటరు వచ్చింది. పెట్టె సీలు విప్పితే గ్యారంటీ పోతుందని విప్పలేదు. ఆయన గుమ్మం బయటి నుంచే విచారణ మొదలుపెట్టారు.

"ఏమ్మా, ఎన్నాళ్లుగా ఇక్కడ?"

"ఆ డ్రమ్ములు రాకముందు నుంచీ సార్."

"ఇంకా పనిచేస్తున్నారుగా?"

"చేస్తున్నాను సార్."

"బతికే ఉన్నారని రాసుకోవయ్యా" అన్నారాయన సహాయకుడితో.

"పోదామన్నా వీలుండదు సార్" అన్నాడు అటెండరు. "పోయినవాళ్లకు పత్రం ఇచ్చేది ఆవిడే."

అక్కకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటు బిగబట్టిన దగ్గంతా బయటికొచ్చింది. అధికారి రెండడుగులు వెనక్కి వేశారు. అక్కడి నుంచి చూస్తే, ఒక డ్రమ్ము మీద రంగు పడని చోట అక్షరాలు కనిపించాయి: మనుషులకు దూరంగా ఉంచవలెను.

"ఇది ఘోరమైన ఉల్లంఘన" అన్నారాయన. "భద్రత అంటే దూరం. డ్రమ్ముకు కాళ్లు లేవు. జరగవలసిన బాధ్యత కాళ్లున్నవారిది. ఉద్యోగి ఆరోగ్యం ప్రభుత్వానికి కంటిపాప. రేపటి నుంచి ఈ గదిలో ఒక్క ఉద్యోగి కూడా ఉండరాదు."

అందరూ చప్పట్లు కొట్టారు. అక్క కూడా కొట్టింది.

"మరి క్యూ సార్?" అన్నారు మేనేజరు.

"క్యూలో ఉండేది ఉద్యోగులా?"

"కాదు సార్, జనం."

"జనం మా పరిధిలోకి రారు."

మర్నాడు గోడకు కన్నం కొట్టి, అద్దం బిగించి, కాగితాలు పట్టేంత సందు ఉంచారు. అక్క బల్లను వరండాలో వేశారు. క్యూ కోసం పాతిన ఇనుప కడ్డీలు గదిలోనే ఉన్నాయి. వాటిని పీకాలంటే ఇంజనీరింగు విభాగం అనుమతి కావాలి. కాబట్టి జనం కూడా గదిలోనే ఉన్నారు.

కొన్నాళ్లకు అక్క దగ్గు తగ్గింది. గొంతు తిరిగొచ్చింది. "కాస్త దగ్గులాపండయ్యా, పేర్లు పిలుస్తున్నా!" అని ఆమె అరిస్తే వీధిలోకి వినపడుతోంది. ఒకరోజు అద్దానికి అవతల ఒక ముసలాయన కళ్లు తుడుచుకోవడం చూసి, మనవడు పుట్టిన సంతోషం అనుకుంది. ఆయన వెనకవాళ్లూ తుడుచుకుంటున్నారు. మరో ఫిర్యాదు రాద్దామని కాగితం తీసింది.

"రాయండమ్మా" అన్నారు మేనేజరు. "మళ్లీ తనిఖీకొస్తారు. ఈసారి మిమ్మల్ని ఎక్కడికి జరుపుతారో."

అక్క కాగితం సొరుగులో పెట్టి తర్వాతి పేరు పిలిచింది.

ప్రజల ఫిర్యాదుల పెట్టెను శనివారం తెరిచారు. అందులో ఒకే ఒక్క ఫిర్యాదు ఉంది. ఎవరో క్యూ మధ్యలో దూరారట.