అమెరికా మొగం

ఆ శుక్రవారం పొద్దున ధర్మారావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. బండి కడగాలి, టిఫిను తినాలి, టెక్కలి తీసుకెళ్లి యువరాజు అనే ఆయన చేతిలో తాళాలు పెట్టాలి, బస్సెక్కి మధ్యాహ్నం భోజనానికి ఉద్దానంలో తన ఊరికి, తన కొబ్బరి తోటకి తిరిగొచ్చేయాలి. ఇందులో కష్టమేమీ లేదు. కష్టమంతా బండి మొగంలో ఉంది.

అది అమెరికా బండి. బ్రాక్టన్ కంపెనీది. ఒకప్పుడు ఆ కంపెనీ బండి వీధిలోకొస్తే అక్కడి జనం పని మానుకుని చూసేవారట. తర్వాత కంపెనీ పెద్దలకి ఏం బుద్ధి పుట్టిందో గానీ ఏటేటా బండికి కొత్త మొగం పెట్టడం మొదలెట్టారు. పాత మొగం బాగుంటే ఉండనిస్తారా? ఉండనివ్వరు. జీతం తీసుకుంటున్నారు కదా, ఏదో ఒకటి చెయ్యాలి. ఒకడు కళ్లు గీస్తాడు, ఇంకొకడు నోరు గీస్తాడు, ఇద్దరికీ మాటలుండవు. కొనేవాణ్ని మాత్రం ఎవడూ అడగడు. చివరికి సొంత దేశంలోనే జనం ఆ బండి కనబడితే తల తిప్పుకునే దాకా వచ్చింది. మన దేశంలో పెట్టిన ఫ్యాక్టరీకి తాళం పడింది. షోరూములో ఇప్పుడు చీరలమ్ముతున్నారు. కంపెనీ పోతూ పోతూ వదిలేసిన బండ్లలో ఒకటి, చవగ్గా వస్తోంది కదా అని, ధర్మారావు వాకిట్లోకి వచ్చి పడింది.

ముందు నుంచి చూస్తే లైట్లు రెండూ పైకి గుంజినట్టు, నిద్దట్లో తట్టి లేపిన మనిషి కళ్లలా ఉంటాయి. వాటి కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా మెరిసే ఇనప పళ్లు. పళ్ల కింద వేలాడే పెదవి లాంటి బంపరు. వలలోంచి ఇసకలోకి దులిపిన చేప ఆఖరిసారి నోరు తెరిచినట్టుంటుంది వాలకం. ఊళ్లో చంటి గుంటలు అన్నం తినబోమని మారాం చేస్తే తల్లులు కంచం పట్టుకుని ధర్మారావు వాకిట్లోకే వచ్చేవారు. బండి ముందు నిలబెడితే చాలు, కంచం ఖాళీ.

ధర్మారావు అవన్నీ ఓర్చుకున్నాడు. భార్య భారతి సంగతే ఓర్చుకోలేకపోయాడు. కొన్న కొత్తలో ఆవిణ్ని ఎక్కించుకుని నౌపడలో ఆవిడ తమ్ముడు కామేశ్ ఇంటికి వెళ్లాడు. కామేశ్ బండి చుట్టూ తిరిగి, ముందర కూర్చుని, పళ్లు లెక్కపెట్టి, "బావా, దీన్ని పళ్ల డాక్టరుకి సూపించినావేటి?" అన్నాడు. వీధి వీధంతా నవ్వింది. తిరుగు దారిలో ఉప్పు మళ్ల దగ్గర భారతి బండి ఆపించి, దిగి, బస్సెక్కి ఇంటికి పోయింది. మళ్లీ ఎక్కలేదు. ఆవిడ కూర్చోవాల్సిన ముందు సీట్లో అప్పట్నుంచీ కొబ్బరికాయల గోనె కూర్చుంటోంది.

ఇప్పుడు ఆదివారం కామేశ్ కూతురి ఓణీల ఫంక్షను. మేనత్త వెళ్లకపోతే జరగదు.

"నాను బస్సులో ఎల్తాను" అంది భారతి. "నువ్వు నీ అమెరికా దాన్ని ఏసుకుని ఎనకాల రాకు. వొచ్చినావా, ఈయనెవులో నాకు తెల్దని మా తమ్ముడి గుమ్మంలో సెప్పీత్తాను."

"మొగుణ్నే తెల్దంటావేటే?"

"మొగుడు తెలుసు. ఆ మొగమే తెల్దు."

అందుకని ధర్మారావు గట్టి నిర్ణయానికొచ్చాడు. దీన్ని అమ్మేయాలి, మామూలు మొగమున్న బండి ఏదైనా తేవాలి, ఆదివారం గోనె బదులు భారతిని పక్కన కూర్చోబెట్టుకుని నౌపడ వెళ్లాలి. ఫోన్లో అమ్మకానికి పెట్టినప్పుడు తెలివిగా వెనక నుంచి తీసిన ఫొటో పెట్టాడు. వెనక నుంచి అది ఎవరి జోలికీ పోదు. యువరాజు ఫోన్ చేసి, "బండి నేను సూసీసేనండి, నచ్చినాది, శుక్రవారం తెచ్చీయండి" అన్నాడు. చూసింది ఆ వెనక ఫొటోనే కదా అని ధర్మారావు అనుకున్నాడు. ఎదురుగా నిలబెట్టగానే బేరం చెడిపోతుందని ఆయన భయం.

తోటలో చెట్లెక్కే సోములు, ధర్మారావు కడుగుతున్న బండిని చూస్తూ బీడీ పారేశాడు. "బావా, ఎంత తోమినా అవే పళ్లు. కప్పీయరాదేటి?"

"దేంతో కప్పుతావు?"

సోములు తల పైకెత్తాడు. నెత్తి మీదంతా కొబ్బరి మట్టలే.

గంటలో పని అయిపోయింది. పచ్చి మట్టలు చీల్చి, అల్లి, బంపరు నుంచి అద్దం దాకా పందిరి కట్టేశాడు సోములు. దాని మీద బంతిపూల దండలు వేశాడు. కళ్లు లేవు, పళ్లు లేవు. "ఇప్పుడు సూడు బావా. ఏటో పెళ్లిపందిరి నడిసొత్తున్నట్టుంది" అన్నాడు సంబరంగా. కట్టు జారితే బిగించడానికని కత్తి మొలలో దోపుకుని తనూ ఎక్కాడు, గోనె పక్కకి జరిపి. భారతి గుమ్మంలో నిలబడి చూసింది. లోపలికెళ్లి తలుపేసుకుంది. అది ఇంకా భయం.

కాశీబుగ్గ దాటుతుంటే రోడ్డు పక్కన ఒక ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. మొగమంతా పసుపు, నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, చంకలో సంచి. బండి నెమ్మదించగానే వెనక తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. పేరు చిన్నతల్లి అనీ, టెక్కలిలో మనవడి పెళ్లనీ, పెళ్లి బండి వచ్చి ఎక్కించుకుంటుందని చెప్పారనీ తర్వాత తెలిసింది. ముందు తెలిసింది మాత్రం ఆవిడ నోరు.

"ఏరా, ఇప్పుడా రావడం? కాళ్లు పీక్కుపోతన్నాయి. పెళ్లికొడుకేడీ?"

"అమ్మా, ఇది పెళ్లి బండి కాదు" అన్నాడు ధర్మారావు.

"పెళ్లి బండి కాదేటి? మరి మట్టలేల? పూలేల? శవాల బండా ఏటి?"

ధర్మారావు గేరు మార్చాడు. అసలు కారణం చెప్పాలంటే బండి మొగం సంగతి చెప్పాలి. అది చెప్పడం కంటే ముసలమ్మని టెక్కలిలో దింపడమే సులువనిపించింది. తప్పులన్నీ అలా సులువుగా ఉన్న చోటే మొదలవుతాయి.

హైవే మీద కాస్త దూరం పోయేసరికి ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్ర గీత ఎక్కింది. ఎక్కదా మరి? ఇంజనుకి గాలి పోయే దారిని మట్టలతో దట్టంగా కప్పేశారు.

"బావా, ఏదో మాడతన్నాది. ఆపి మట్టలు కోసీనా?"

"మట్టలు కోత్తే మొగం బయటపడతాది. టెక్కలొచ్చీసింది, నోర్మూసుకో."

టెక్కలి ఇంకా రాలేదు గానీ ఒక ఊరి జంక్షను వచ్చింది. ఆ ఊళ్లో ఆ రోజు అమ్మవారి పండగ. ఆడవాళ్లు కడవల్లో పసుపు నీళ్లు పట్టుకుని, డప్పులవాళ్లు డప్పులు కాచుకుని, అమ్మవారి ఘటాన్ని తెచ్చే బండి కోసం ఎండలో ఎదురుచూస్తున్నారు. సరిగ్గా అప్పుడు, నిండా పచ్చి మట్టలు, బంతిపూల దండలు, వాటి సందుల్లోంచి బుసబుసా తెల్లటి పొగ కక్కుకుంటూ ధర్మారావు బండి వాళ్ల ముందుకొచ్చి ఆగింది.

"సాంబ్రాణి! సాంబ్రాణి పొగ! అమ్మొచ్చీసినాది!" అని ఎవరో అరిచారు.

ఆ తర్వాత ఎవరూ ఎవరి మాటా వినలేదు. కడవల నీళ్లన్నీ బండి నెత్తిన పడ్డాయి. ఇంజను ఒక్కసారి మూలిగి ఊరుకుంది. ఆవిరి లోపలికి తన్నింది. వెనక సీట్లో చిన్నతల్లి "సచ్చిపోయాన్రో" అని కేక వేసి తలుపు తీసుకుని దూకింది. కొప్పు ఊడి జుట్టు వీపంతా పరుచుకుంది. పసుపు మొగం, పెద్ద బొట్టు, విరబోసిన జుట్టు, ఒళ్లంతా వణుకు. డప్పులు దద్దరిల్లాయి.

ఊరి పెద్ద ఒకాయన చేతులు జోడించి ముందుకొచ్చాడు. "శాంతించు తల్లీ. ఏటి కావాలో సెప్పు."

"నన్ను పెళ్లికాడకి తీసుకెళ్లండర్రా! ముహూర్తం దాటిపోతన్నాది!"

అంతకుముందెప్పుడూ అమ్మ పెళ్లి అడగలేదు. కోడి అడిగింది, చీర అడిగింది.

"ఏ ఊరు తల్లీ పెళ్లి?"

"టెక్కలి! టెక్కలని ఎన్నిసార్లు సెప్పాలి మీకు?"

"కోపంగా ఉన్నాది" అన్నాడు పెద్దాయన మెల్లగా. "తోసీండ్రా."

చిన్నతల్లిని మళ్లీ సీట్లో కూర్చోబెట్టి హారతిచ్చారు. వెనక నుంచి ఊరంతా బండిని తోసింది. ధర్మారావు చేతిలో స్టీరింగు తప్ప ఏమీ మిగల్లేదు. ఒకటి రెండుసార్లు కిటికీలోంచి తల పెట్టి "అయ్యా, ఇది నా బండి" అని చూశాడు. "పుణ్యం సేసుకున్నావు బాబూ" అని ఆయనకీ బొట్టు పెట్టారు. దార్లో ఆడామగా ఆగి దండాలు పెడుతున్నారు. కొన్నప్పట్నుంచీ ఆ బండికి చెయ్యెత్తి దండం పెట్టినవాళ్లు లేరు. ధర్మారావు తనకి తెలీకుండానే ఒకరిద్దరికి తలూపేశాడు.

టెక్కలి చేరేసరికి హైవే జామైపోయింది. అసలు పెళ్లి బండి ఈ ఊరేగింపు వెనకే ఎక్కడో ఇరుక్కుపోతే, పెళ్లికొడుకు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచొచ్చాడు. చిన్నతల్లి మాత్రం డప్పులతో కల్యాణమండపం ముందు దిగి, కొప్పు ముడుచుకుని, "బండి మంచిది గానీ ఒట్టి నత్త" అని ధర్మారావుకి చెప్పి భోజనాల వైపు వెళ్లిపోయింది. పెళ్లివాళ్లు ఆవిణ్ని "అమ్మమ్మా" అని పిలుస్తుంటే తోసిన ఊరివాళ్లు ఒకరి మొగాలొకరు చూసుకున్నారు.

మండపం పక్కనే యువరాజు కొత్త మేడ. మూడంతస్తులు. ఆయన బయటికొచ్చి బండి ముందు నిలబడ్డాడు. మట్టలు చూశాడు, దండలు చూశాడు. ఆయన మొగం వాడిపోయింది.

"ధర్మారావుగారంటే మీరేనా? ఏటండి ఇలా సేసీసేరు? మొగం ఏదండి?"

ధర్మారావు బండికి అడ్డంగా నిలబడ్డాడు. "మొగమా... అది కాస్త..."

"ఆ మొగం కోసమే కదండీ నేనడిగింది! మార్పించీసేరా?"

సంగతేమిటంటే, యువరాజు మేడ లేచిన దగ్గర్నుంచీ చూసినవాడల్లా "అబ్బో" అనడమే. బూడిద గుమ్మడికాయ కట్టాడు, కుళ్లిపోయింది. రాక్షసుడి బొమ్మ పెట్టాడు, ఎండకి వెలిసిపోయి నవ్వుతున్నట్టు తయారైంది. ఆ మధ్య పలాస నుంచి స్కూటరు మీద వస్తూ అద్దంలో చూస్తే వెనకే ఈ బండి. యువరాజు స్కూటరుతో సహా పొలంలోకి దిగిపోయాడు. బురదలో కూర్చునే అనుకున్నాడట, దొరికితే ఇలాంటి దిష్టిబొమ్మ దొరకాలని. బండి దాటిపోతుంటే వెనక వైపూ చూశాడు గనక, ఫోన్లో ఫొటో కనబడగానే గుర్తుపట్టాడు.

"సోములూ, కొయ్!" అని అరిచాడు ధర్మారావు.

సోములు కత్తి తీసి తాళ్లు కోశాడు. మట్టలు ఊడి పడ్డాయి. పసుపు నీళ్లకి పళ్లన్నీ పచ్చబడి, కంటికొక బంతిపువ్వు అతుక్కుని, అమెరికా మొగం బయటికొచ్చింది. డప్పు ఆగింది. ఒకావిడ బిడ్డ కళ్లు మూసింది. ఊరి పెద్దాయన రెండడుగులు వెనక్కి వేసి, "ఓర్నాయనో, ఇంతసేపూ దీన్నా తోసినాం!" అన్నాడు.

"ఇదేనండీ! ఇదే!" యువరాజు కళ్లలో నీళ్లు. "ఊడదీయించి మూడో అంతస్తు పిట్టగోడకి బిగించీత్తాను."

"మరి మిగతా బండి?"

"మిగతాది నాకేలండి? నా మెకానిక్కు షెడ్డులో సాయంత్రానికల్లా ఇంజను బాగు సేయించి, ముందర ఇనప జాలీ, ట్రాక్టరు లైట్లూ పెట్టించి పంపుతాను. మొగం ఇచ్చీయండి సాలు."

ధర్మారావు బతిమాలాడు, కోప్పడ్డాడు, బండి మొత్తం కొంటేనే మొగం ఇస్తానని బెదిరించాడు. యువరాజు కదల్లేదు. "ఉడికిపోయిన ఇంజను ఎవులు కొంటారండి?" అన్నాడు. చివరికి ధర్మారావు ఒప్పుకున్నాడు. వదిలించుకోవడానికి తెచ్చిన బండిని అలాగే తోలుకుని, అదీ మొగం లేకుండా, ధర్మారావు పొద్దు వాలేసరికి ఊరి దారి పట్టాడు. నౌపడ ఆశ వదులుకున్నాడు.

"అక్కకేటి సెప్తావు బావా?"

"నువ్వు దిగిపో. నాను సెప్పుకుంటాను."

భారతి వాకిట్లో చేటతో బియ్యం చెరుగుతోంది. చేట పక్కన పెట్టి లేచింది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. ముందర గుండ్రటి లైట్లు రెండు, మధ్యలో సాదా జాలీ. కంపెనీ పేరు లేదు, పళ్లు లేవు.

"మొగం ఏదీ?"

"అమ్మీసేను."

"మరి బండో?"

"అది ఎవులికీ వొద్దంట." ధర్మారావు నేల చూస్తున్నాడు. "నువ్వు బస్సులో ఎల్లిపో. నాను రానులే."

భారతి ముందు తలుపు తీసింది. కొబ్బరికాయల గోనెని రెండు చేతులా లేవనెత్తి వెనక సీట్లోకి విసిరింది. కూర్చుని, చీర సర్దుకుని, తలుపు వేసుకుంది.

"ఇలగుంటే నానెప్పుడొద్దన్నాను?"

ఆదివారం నౌపడలో కామేశ్ బండి చుట్టూ తిరిగాడు. ముందర కూర్చుని లెక్కపెట్టడానికి ఏమైనా ఉందా అని వెతికాడు. "కొత్తదా బావా? ఏ కంపెనీ? పేరు కనబడదేటి?"

ధర్మారావు కంటే ముందు భారతే అందుకుంది. "కంపెనీ ఎత్తీసినార్రా. అప్పట్నుంచే బాగుంది."

అమెరికా మొగం ఇప్పుడు టెక్కలిలో మూడో అంతస్తు మీద నుంచి హైవేని చూస్తూ పళ్లికిలిస్తోంది. ఆ మేడకి ఇప్పటిదాకా ఎవరి దిష్టీ తగల్లేదు. అద్దెకి దిగినవాడూ లేడు.