దిండుతో ఒకరు, ఫ్యానుతో ఒకరు

ఆదివారం పొద్దున్నే మొదలుపెడితే కాఫీ చల్లారేలోపు ముగించేయవచ్చనుకున్న పని అది. సినిమా కోర్సులో చేరి రెండు నెలలైనా కాలేదు, అప్పుడే ఆ అమ్మాయిని ఇంట్లో అందరూ డైరెక్టరమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. సోమవారానికి ఆమె తీసుకెళ్ళాల్సిన అభ్యాసం చిన్నదే. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒక్క నిమిషం మాట్లాడుకోవాలి. కెమెరా ఒకసారి ఒకరి ముఖం, ఇంకోసారి రెండోవారి ముఖం చూపాలి. ఒకరు కుడివైపు చూస్తే రెండోవారు ఎడమవైపు చూడాలి, అప్పుడే ఒకరినొకరు చూసుకుంటున్నట్టుంటుంది. నటిస్తామని మాటిచ్చిన స్నేహితురాళ్ళిద్దరిలో ఒకామెకు జ్వరం. రెండో ఆమె ఫోనే ఎత్తడం లేదు.

నటులు కావాలంటే ఇంట్లోనే ఇద్దరున్నారు. కింద అమ్మ, మేడమీద వాటాలో మేనత్త. చిక్కల్లా ఒక్కటే, ఇద్దరికీ మాటల్లేవు. ఆమధ్య అమ్మ ముచ్చటపడి కుట్టుకున్న కర్టెన్లు చూసి అత్త, "బట్టలకొట్టులా ఉందే!" అంది. "మరి మీరొచ్చింది బేరానికా వదినా?" అంది అమ్మ. అంతే. ఆనాటి నుంచి పై మాట కిందికి, కింది మాట పైకి మోయలేక నాన్న మోకాళ్ళు అరిగిపోతున్నాయి.

"ఎదురెదురుగా కూర్చోకపోయినా పరవాలేదు. చూపులు కలిస్తే చాలు, వేర్వేరు ఊళ్ళలో ఉన్నవాళ్ళు కూడా ఒకే గదిలో ఉన్నట్టుంటారు" అని మాస్టారు క్లాసులో చెప్పిన మాట డైరెక్టరమ్మకు గుర్తొచ్చింది. ఊళ్ళదాకా ఎందుకు, అంతస్తులు చాలవూ? పైనా కిందా గోడల రంగు కూడా ఒకటే.

ముందు అమ్మను కూర్చోబెట్టింది. చూపు నిలవడానికి ఎదుటి కుర్చీలో ఒక దిండు నిలబెట్టింది.

"పోట్లాడుకున్న ఇద్దరు స్నేహితురాళ్ళ కథమ్మా. నువ్వు 'ఆ రోజు తొందరపడ్డాను, మనసులో పెట్టుకోకు' అనాలి."

"ఎవరితో?"

"దిండుతో."

"దిండు కాబట్టి సరిపోయింది. మనిషైతే చచ్చినా అననుగా" అంటూ జుట్టు సర్దుకుంది అమ్మ. తీరా కెమెరా తిరిగాక, నిజంగా ఎదుట మనిషున్నట్టే అనేసింది.

మేడమీద దిండుకు బదులు స్టాండు ఫ్యాను దొరికింది. ఉక్కగా ఉందని అత్త దాన్ని ఆపనివ్వలేదు.

"నోరు జారాను. నన్ను క్షమించు" అంది అత్త.

ఫ్యాను తల అడ్డంగా ఊపింది.

"ఇదేంటే, కాదంటోంది?"

"అయితే ఇంకోసారి అడుగత్తా!"

ముప్ఫై ఏళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా చేసి, ఎవరిచేతా కాదనిపించుకోని మనిషి. ఫ్యాను చేత అనిపించుకుంటుందా? పంతం పట్టి మళ్ళీ మళ్ళీ అడిగింది. చివరికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫ్యాను మాత్రం కరగలేదు.

మధ్యాహ్నం లాప్‌టాప్‌లో రెండూ కలిపి చూస్తే అతికినట్టు కుదిరాయి. డైరెక్టరమ్మ తన పనితనానికి తానే మురిసిపోయి, వీడియోను అలా తిరగనిచ్చి తలంటుకోవడానికి వెళ్ళింది.

కళ్ళజోడు వెతుక్కుంటూ నాన్న అప్పుడే ఆ గదిలోకి వచ్చాడు. దిండు సంగతి, ఫ్యాను సంగతి ఆయనకేం తెలుసు? తెరమీద భార్య తొందరపడ్డానంటోంది, అక్క క్షమించమంటోంది. ఆయన గుండె నిండిపోయింది. ఫోనుతో ఆ తెరనే వీడియో తీసి, "ఇన్నాళ్ళకు కలిసిపోయారు" అని రాసి చుట్టాల గ్రూపులో పెట్టేశాడు.

ముందుగా అమ్మకు పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ వదిన ఏడ్చి మరీ క్షమించమందిగా! ఇక బెట్టు చెయ్యకే."

వదినగారికి పశ్చాత్తాపం కలిగి, ఊరందరికీ చెప్పుకుంటోంది కాబోలనుకుంది అమ్మ.

పైన అత్తకు బాబాయి ఫోన్ చేశాడు. "వదిన తప్పొప్పుకుందిగా అక్కా! మేం బయల్దేరాం. కేకు తెస్తున్నాం."

తనే దిగొచ్చినప్పుడు మనం మెట్టు దిగితే పోయేదేముంది అనుకుంది అత్త. అమ్మా సరిగ్గా అదే అనుకుని మెట్లెక్కింది. మధ్యలో ఇద్దరూ ఎదురుపడ్డారు.

"జరిగిందేదో జరిగింది వదినా. మీరంతగా ఏడవక్కర్లేదు" అంది అమ్మ దయగా.

"నేనేడవడమేంటి? పాపం, తప్పొప్పుకున్నావు కదా, మన్నిద్దామని వస్తుంటే!"

"నేనా? కల్లో కూడా ఒప్పుకోను!"

"వీడియో సాక్ష్యం ఉందిగా!" అని కింద నుంచి అరిచాడు నాన్న.

ముగ్గురూ లాప్‌టాప్ ముందు చేరారు. వీడియో మొదటినుంచీ చూశారు.

"ఇది నేను దిండుతో అన్న మాట!" అంది అమ్మ.

"నేను ఫ్యానుతో అన్నాను!" అంది అత్త.

తలకు తువ్వాలు చుట్టుకుని అప్పుడే వస్తున్న డైరెక్టరమ్మ వైపు రెండు తలలూ ఒకేసారి తిరిగాయి.

"చూశారా వదినా, మన నోట్లో మాటలెలా కుక్కిందో!"

"చూస్తున్నా. వేలెడంత లేదు, మనల్నే ఆడించింది!"

ఇద్దరూ భోజనాల బల్లకు చెరోపక్కా చేరి, వంతులవారీగా తిట్టడం మొదలుపెట్టారు. మధ్యలో అమ్మకు అనుమానమొచ్చింది.

"అది సరే గానీ, ఫ్యాను ముందు కన్నీళ్ళెందుకు వదినా?"

"ఎంత బతిమాలినా కాదంటుంటే రావూ? నువ్వు దిండుకు చెప్పుకోలా?"

అమ్మకు నవ్వాగలేదు. ఆ నవ్వు చూసి అత్తకూ ఆగలేదు. కేకు పట్టుకుని బాబాయి గుమ్మంలోకి వచ్చేసరికి, కర్టెన్లకు గులాబీ రంగు నప్పుతుందా, నీలమా అన్న దగ్గరికొచ్చారు. డైరెక్టరమ్మ ఇక ఆగలేకపోయింది. కెమెరా అందుకుని బల్లకు ఈ పక్కనుంచి కాసేపు, ఆ పక్కనుంచి కాసేపు పరుగులు పెడుతూ ఒక్క నవ్వూ పోకుండా తీసింది. ఆ హడావిడిలో ఎవరు ఏ వైపు చూస్తున్నారో పట్టించుకోలేదు. ఇంత నిజం చేతిలో ఉండగా నటన ఎందుకని, మర్నాడు దాన్నే తీసుకెళ్ళింది.

మాస్టారు రెండుసార్లు చూసి పెదవి విరిచారు.

"ఇద్దరూ ఒకే పక్కకు చూస్తున్నారు. చూపులు కలవలేదు. వీళ్ళని విడివిడిగా తీసి అతికించావని ఇట్టే తెలిసిపోతోంది."

డైరెక్టరమ్మ వీడియోను వెనక్కి తిప్పి మళ్ళీ చూసుకుంది.

"ఈసారి ఎలాగోలా బతిమాలి ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టమ్మా. తేడా నీకే తెలుస్తుంది" అన్నారాయన ఆప్యాయంగా.