లంగరు అంటే ఏంటక్కా?

వెతుక్కోని పాఠకుడంత అదృష్టం రచయితకు ఇంకొకటి లేదు. ఈ మాట నేను పూర్తి స్పృహలో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్నాను.

చేతిలో ఫోనుంటుంది. అందులో లోకమంతా ఉంటుంది. వేలు కదిపితే చాలు, ఏ మాటకైనా అర్థం వచ్చి ఒళ్ళో వాలుతుంది. అయినా సరే, ఆ వేలితో అర్థం వెతక్కుండా, అదే వేలితో "అక్కా, దీనికి అర్థం ఏంటి?" అని టైపు చేసి, జవాబు కోసం పూటంతా ఎదురుచూసే మనిషిని ఏమంటారు? బద్ధకస్తుడంటారా? తప్పు! అంత ఓపిక ఉన్న మనిషిని తపస్వి అనాలి.

మీలో కొందరు నవ్వుతున్నారని తెలుసు. నవ్వండి. మీరు ఫ్యాన్ ఫిక్షన్ రాసిన మొహాలు కావు కాబట్టి నవ్వొస్తుంది.

ఫ్యాన్ ఫిక్షన్ అంటే ఏమిటో చెప్తాను. మీరు అడగలేదు, తెలుసు. అడగకముందే చెప్పడం అలవాటైపోయింది. టీవీ సీరియల్ వాళ్ళు ఎవరినో అన్యాయంగా చంపేస్తారు. ఇంకెవరినో విడదీస్తారు. అప్పుడు మాలాంటి అభిమానులం పూనుకుని, పోయినవాళ్ళను లేపి, విడిపోయినవాళ్ళను కలిపి, మిగతా కథ మేమే రాసి ఇంటర్నెట్‌లో పెట్టుకుంటాం. రాయమని ఎవరూ అడగరు. మానమనీ ఎవరూ అడగరు. అదే ధైర్యం!

నా సీరియల్‌లో ఒక ఓడ ఉండేది. దానికో కెప్టెన్, అందులో ఓ డాక్టరమ్మ. వాళ్ళిద్దరూ ఒకరంటే ఒకరు పడి చస్తున్నారని ఓడలో వంటవాడితో సహా అందరికీ తెలుసు, వాళ్ళిద్దరికీ తప్ప. ఆ సంగతి వాళ్ళకూ తెలిసే రోజు దగ్గరపడుతుండగా, కెప్టెన్ వేషం కట్టే నటుడు వేరే చానల్‌కి వెళ్ళిపోయాడు. ఇంకేముంది! శుక్రవారం ఎపిసోడ్‌లో కెప్టెన్ అలల్లో కొట్టుకుపోయాడు. సోమవారానికల్లా డాక్టరమ్మకు కొత్త సంబంధం చూసేశారు!

కడుపు మండదా? మండింది. నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. మర్నాడు భోజనాల వేళ షాపు వెనకగదిలో, ఫ్రేముల అట్టపెట్టెల మధ్య కూర్చుని, అన్నం డబ్బా మూత కూడా తీయకుండా కెప్టెన్‌ని ఈదించి ఒడ్డుకు చేర్చాను. అదే నా మొదటి భాగం.

దానికి మొదటి కామెంట్ రాసిన పాఠకురాలు తన పేరు 'తిక్కపావురం' అని పెట్టుకుంది. "అక్కా, ఈ కెప్టెన్ ఎవరు?" అని అడిగింది.

కెప్టెన్ ఎవరో తెలియని మనిషి, కెప్టెన్‌ని బతికించడానికి రాసిన కథ దాకా ఎలా వచ్చింది? నేను అడగలేదు. గుమ్మంలోకొచ్చిన మనిషిని ఎలా వచ్చావని నిలదీస్తామా? కూర్చోబెట్టి సీరియల్ కథంతా మొదట్నుంచీ రాశాను. పావురం వెంటనే జవాబిచ్చింది.

"ఓహో."

ఓహో! రచయిత బతుక్కి ఇంతకన్నా ఏం కావాలి?

అక్కణ్ణుంచి ప్రశ్నలు వరదలా వచ్చిపడ్డాయి. పైన పెద్దక్షరాలతో 'ఐదో భాగం' అని పెడితే, కింద "ఇది ఎన్నో భాగం?" అని. మొదటి వాక్యంలోనే "చేతికి కట్టుతో కెప్టెన్ మెట్లు దిగాడు" అని రాస్తే "చెయ్యి బాగానే ఉందా?" అని. 'ఉప్పునీళ్ళు' అనే ఇంకో పాఠకురాలైతే ఏకంగా "డాక్టరమ్మ ఏం పని చేస్తుంది?" అని అడిగింది. ఆ ప్రశ్న ఇంకోసారి చదువుకున్నాను. తర్వాత "డాక్టరు" అని రాశాను. "థాంక్సక్కా, చాలా రోజుల్నుంచి డౌటు" అంది.

వీళ్ళవల్ల నాకు జరిగిన మేలు అంతా ఇంతా కాదు. టైపింగ్ స్పీడు పెరిగింది. సహనం పెరిగింది. బీపీ కూడా పెరిగింది, అయితే అది వంశంలో ఉంది లెండి.

ఓసారి ఉండబట్టలేక మా ఆయన దగ్గర చెప్పుకున్నాను. ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. చేతులకంటిన గ్రీజు కడుక్కుంటూ విన్నారు.

"నువ్వింకా నయం," అన్నారు. "నేను లిఫ్టుకి అడ్డంగా స్టూలేసి, దానిమీద 'పనిచేయదు' అని బోర్డు పెట్టి, లోపల దూరి వైర్లు పట్టుకుని నిలబడతానా? జనం స్టూలు పక్కకి జరిపి లోపలికొచ్చి, 'ఏమండీ, లిఫ్టు పని చెయ్యట్లేదా?' అంటారు."

"మరి మీరేమంటారు?"

"చేస్తోందండీ, నాలుగో అంతస్తా, ఐదో అంతస్తా అంటాను. వాళ్ళు మెట్లెక్కి పోతారు."

ఆ మాట నా బుర్రలో ఎక్కడో నాటుకుంది. చెడిపోవాలని రాసిపెట్టి ఉంటే ఎవరు ఆపగలరు?

తర్వాతి భాగం మొదటి వాక్యంలోనే "తుఫాను తగ్గాక కెప్టెన్ లంగరు వేశాడు" అని రాశాను. పెట్టిన కాసేపటికే పావురం వాలింది.

"లంగరు అంటే ఏంటక్కా?"

ఓడను కదలకుండా పట్టి ఉంచడానికి నీళ్ళలోకి వదిలే ఇనప కొక్కెం తల్లీ అని రాయబోయాను. వేళ్ళు ఆగాయి. మా ఆయన స్టూలు, బోర్డు గుర్తొచ్చాయి.

"కెప్టెన్ పెట్టుకునే టోపీ" అని రాశాను.

"ఓహో," అంది పావురం.

ఎవరో ఒకరు వెతికి చూస్తారు, నన్ను పట్టుకుని దులిపేస్తారు, అందరం నవ్వుకుంటాం అనుకున్నాను. ఎవరూ దులపలేదు. పైగా నేను చూసుకోని సంగతి ఇంకోటుంది. లంగరు వెయ్యడం, లంగరు దించడం, లంగరు ఎత్తడం... నా పాత భాగాలన్నిట్లో ఎక్కడ చూసినా టోపీ చక్కగా సరిపోయింది! పెద్దాయన ఎదురుపడితే మా కెప్టెన్ గౌరవంగా లంగరు దించుతున్నాడు! నిజానికి టోపీ వేసింది నేను, పాఠకులకి.

అంతటితో ఆగిందా? ఆ ఓడ సీరియల్‌కి కథలు రాసేది నేనొక్కదాన్నే కాదు కదా. ఉప్పునీళ్ళు కూడా రాయడం మొదలుపెట్టింది. ఆమె కథలో డాక్టరమ్మ కెప్టెన్ లంగరు ఉతికి, ఇస్త్రీ చేసి, కన్నీళ్ళతో గుండెకి హత్తుకుంది. ఇంకొకాయన బొమ్మ గీశాడు. కెప్టెన్ నెత్తిమీద తెల్లటి టోపీ, కింద 'లంగరులో మన కెప్టెన్' అని రాత. దానికొచ్చినన్ని హృదయాలు నా కథలన్నిటికీ కలిపి రాలేదు. చలికాలానికి పనికొచ్చే ఉన్ని లంగర్లు ఎక్కడ దొరుకుతాయని కూడా ఎవరో అడుగుతున్నారు!

ఇక లాభం లేదు, నిజం ఒప్పుకుందామని కూర్చున్నాను. ముందు కొత్త భాగం మొదటి వాక్యంలోనే సరైన అర్థంతో వాడాను: "నలుగురు నావికులు కలిసి లాగినా లంగరు పైకి రాలేదు."

"టోపీకి నలుగురెందుకక్కా?" అని పావురం.

"తడిసి బరువెక్కి ఉంటుంది," అని ఉప్పునీళ్ళు.

"లేదమ్మా, నేనే సరదాకి అబద్ధం చెప్పాను. లంగరు అంటే ఇనప కొక్కెం. కావాలంటే నిఘంటువు చూడండి," అని రాశాను.

"నిఘంటువు ఏ భాగంలో వస్తాడక్కా?" అని ఎవరో కొత్త పాఠకుడు అడిగాడు.

ఉప్పునీళ్ళకి మాత్రం ఒళ్ళు మండింది. "మొన్నేమో టోపీ అన్నారు. ఇప్పుడేమో ఇనుము అంటున్నారు. ఇంతమంది చదువుతున్నప్పుడు, రాసేముందు కాస్త చూసుకుని రాయాలి కదా అక్కా?" అంది.

చూసుకుని రాయాలట. నేను!

క్షమాపణ చెప్పుకున్నాను. నా తరఫున వాదించినవాళ్ళూ లేకపోలేదు. "పోనీలెండి, అక్కకి తెలీక రాసింది" అన్నారు.

ఇలా ఉండగా ఆ ఓడ సీరియల్ అభిమానులంతా ఒక ఆదివారం పార్కులో కలుద్దామనుకున్నారు. నేనూ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో మీకు దాచకుండా చెప్తాను. అంతకుముందే నా కథలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం పెట్టాను. కెప్టెన్, డాక్టరమ్మ ఒడ్డున పక్కపక్కన కూర్చుని, ఇన్నాళ్ళూ దాచుకున్న మాట బయటపెట్టే చోటు అది. ఎన్నిసార్లు రాశానో, ఎన్నిసార్లు కొట్టేశానో! షాపులో ఒకాయనకి దగ్గరచూపు అద్దాలకు బదులు దూరపుచూపు అద్దాలిచ్చి, మా ఓనరు చేత తిట్లు కూడా తిన్నాను. ఆ భాగానికి ప్రశ్నలైతే వచ్చాయి. ఒడ్డు ఏ ఊరిదని అడిగారు. అప్పుడు టైమెంతని అడిగారు. ఎలా ఉందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. మనిషి ఎదురుగా దొరికితే అడుగుదామని వెళ్ళాను. అంతే.

పావురం దొరికింది. సన్నగా, చురుగ్గా ఉన్న అమ్మాయి. భుజానికి పెద్ద సంచీ, జోరీగ గొంతు. నన్ను చూడగానే వచ్చి చేతులు పట్టుకుంది.

"మీరేనా అక్కా! ఫొటోలో కంటే పొట్టిగా ఉన్నారే! ఎక్కడ పనిచేస్తారు?"

చెప్పాను. అది నా పేజీలో పేరు కిందే రాసి ఉంటుంది. అయినా చెప్పాను. "మరి నువ్వు?" అన్నాను.

"బస్టాండులో, విచారణ కౌంటర్లో."

నేను బెంచీ మీద కూలబడ్డాను.

"నా నెత్తిమీదే బోర్డుంటుందక్కా," అంది పక్కన కూర్చుంటూ. "ఏ బస్సు ఎన్నింటికో, ఏ ప్లాట్‌ఫారమ్ మీదకొస్తుందో అంతా రాసే ఉంటుంది. ఒక్కళ్ళు తలెత్తి చూడరు. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా చెప్పడమే. గొంతు పోతుంది. డ్యూటీ దిగాక, నేనూ ఎవర్నైనా ఏదో ఒకటి అడగాలనిపిస్తుంది. విసుక్కోకుండా చెప్పేది మీరొక్కరే."

నా కోపం ఎటు పోయిందో పోయింది. ఇన్నాళ్ళూ ఈ పిల్లనా నేను తిట్టుకుంది అనిపించింది. కళ్ళు కూడా కాస్త చెమర్చాయి. ఆ ధైర్యంతోనే అడిగేశాను.

"అవునూ, ఒడ్డున వాళ్ళిద్దరూ మాట్లాడుకునే చోటు... ఎలా అనిపించింది?"

"మాట్లాడుకున్నారా! ఎప్పుడు? ఏమన్నారు?"

"నువ్వు ప్రశ్న కూడా అడిగావు కదమ్మా, ఒడ్డు ఏ ఊరిదని?"

"పైన పేరులో ఒడ్డు అని ఉంది, అడిగాను. లోపల మొదటి వాక్యం దాటి ఎప్పుడు చదివాను? నాకంత టైమెక్కడిదక్కా! ప్రశ్నేస్తే మీరే కింద మొత్తం చెప్పేస్తారుగా. మేమందరం అదే చదువుతాం. అది బాగుంటుంది, అర్థమవుతుంది."

అందరమట!

ఏం చెయ్యను? ఆ బెంచీ మీద కూర్చునే ఆ భాగమంతా నోటితో చెప్పాను. కెప్టెన్ చెప్పులు విప్పి పక్కన పెట్టడం, డాక్టరమ్మ అతని చేతి కట్టు సరిచేసే వంకతో చెయ్యి వదలకపోవడం, చివరికి ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచి ఒకేసారి ఆగిపోవడం. పావురం మధ్యలో ఒక్క ప్రశ్న వెయ్యలేదు. చున్నీతో కళ్ళు తుడుచుకుంది.

"ఎంత బాగుందక్కా! మీరు ఇలాంటివి రాయొచ్చు కదా!"

ఇంటికొచ్చి బాగా ఆలోచించాను. ఎవరో ఒకరు చదివి ఉండరా అని మనసు పీకుతూనే ఉంది. సరే, చూసేద్దామనుకున్నాను. మర్నాడు షాపులో కొత్త భాగం పెట్టాను. పైన 'పెళ్ళి' అని పేరు పెట్టాను. దాని కింద ఏమీ రాయలేదు. అక్షరం కాదు కదా, చుక్క కూడా లేదు. తెల్లగా, గోడలా, శుభ్రంగా వదిలేశాను.

సాయంత్రం షట్టరు దించేలోపు కామెంట్లు నిండిపోయాయి. పెళ్ళి ఎవరిదక్కా? ముహూర్తం ఎన్నింటికి? కెప్టెన్ లంగరుతోనే పీటల మీద కూర్చున్నాడా? వంటవాడు వచ్చాడా? ఎప్పట్లాగే ఒక్కొక్కరికీ ఓపిగ్గా జవాబు రాశాను. అందరూ ఓహో అన్నారు. నా జన్మలో రానన్ని హృదయాలు వచ్చాయి.

ఇప్పుడు చెప్పండి, ఏ రచయితకుంది ఇంత సుఖం? కథ రాయక్కర్లేదు, దిద్దుకోనక్కర్లేదు, అన్నం చల్లారబెట్టుకోనక్కర్లేదు! మధ్యాహ్నం భోజనం వేడిగా తింటున్నాను. మా ఓనరు కూడా సంతోషంగానే ఉన్నారు.

అయితే విమర్శ అనేది ఎక్కడైనా ఉంటుంది కదా. అన్నిటికన్నా చివర ఉప్పునీళ్ళు రాసింది: "అంతా చదివానక్కా. బాగుంది. కాకపోతే ఈ భాగం కాస్త సాగదీశారు."

నిజమేనమ్మా, ఇకమీద కుదించి రాస్తానని జవాబిచ్చాను.