ఒట్టి నలుపు

ఆ శనివారం పొద్దున్న భీమరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేసి దీపం పెట్టుకోవాలి. టీ తాగి, కొడుకు హరిని మంగలి దగ్గరకి తీసుకెళ్ళాలి. సాయంత్రం కోవెలకి తీసుకెళ్ళి పూజారి మూర్తి గారి చేత కంకణం కట్టించాలి. అంతే. తెల్లారితే అమ్మవారి పండగ, ఈ ఏడు ఘటం ఎత్తే వంతు వాళ్ళింటిది.

తాతలనాడు ఓడెక్కి వచ్చి స్థిరపడ్డ ఆ పరాయి దేశపు రేవుపట్నంలో, లత అనే పేటలో ఒక సందు చివర ఉన్న ఆ కోవెల చిన్నదే గాని పద్ధతులు పెద్దవి. వంతు ఇంటింటికీ తిరుగుతుంది. ఆ ఇంటి పెద్ద అందరి ముందూ రెండు అరచేతులూ చాచి ఘటం అందుకుని, పెళ్ళికాని కొడుకు నెత్తిన పెట్టాలి. కొడుకు చొక్కా లేకుండా, ఒంటిమీద పసుపునీళ్ళతో వీధులన్నీ తిరగాలి. ఏ కారణం చేతనైనా ఇల్లు తప్పుకుందా, వంతు పక్కవాళ్ళకి పోతుంది. మళ్ళీ తిరిగొచ్చేసరికి ఒక తరం గడుస్తుంది. భీమరాజు తండ్రి రేవులో బతుకంతా బస్తాలు మోశాడు. ఈ ఒక్క బరువు కోసమే ఎదురుచూసి, అది మాత్రం మొయ్యకుండానే పోయాడు.

అందుకని భీమరాజు ఆ పొద్దున్న కొడుకు గది తలుపు మామూలుకన్నా ప్రేమగానే తోశాడు.

"లెగరా బావూ. ఆలీసమైతే మంగలి కాడ జనం పెరిగిపోతారు."

హరి ఒత్తిగిలాడు. దుప్పటి జారింది. కుర్రాడి కుడిచెయ్యి భుజం నుంచి వేళ్ళ మొదలు దాకా నల్లగా ఉంది. మసి అంటిన నలుపు కాదు. చేతిని పట్టుకెళ్ళి తారుపీపాలో ముంచి తీసినట్టుంది. దాని మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, లోపల జిగురేదో తడితడిగా మెరుస్తోంది.

భీమరాజు మంచం కోడు పట్టుకున్నాడు. "ఏటిరా అది?"

"టాటూ నాన్నా." హరి లేచి కూర్చున్నాడు. "అంటే టాటూ కాదు, ట్రయల్. అసలుది వేయించుకునే ముందు కొన్నాళ్ళు రంగుతో తిరిగి చూసుకోమన్నాడు, టాటూలు వేసే కో జా. చెట్టుకాయ రసం. రెండు వారాల్లో దానంతటదే పోతుంది."

"బొమ్మేదిరా?"

"బొమ్మ ఉండదు. ఒట్టి నలుపే."

"మా మామ్మకి చేతినిండా పచ్చబొట్లే. తేలుండేది, తులసికోట ఉండేది. బొమ్మ లేని పచ్చబొట్టేటిరా? దాన్ని సూసి ఏటనుకోవాల?"

"ఏమీ అనుకోనక్కర్లేదు. చూస్తే మనసుకి ప్రశాంతంగా ఉంటుందని." హరి గొంతు తగ్గించాడు. "ఇంకా డిసైడ్ అవ్వలేదు నాన్నా, ఆలోచిస్తున్నానంతే."

"ఆలోచనే ఇంత నల్లగుంటే నిర్ణయం ఎలగుంటాదో," అన్నాడు భీమరాజు.

రేపు చొక్కా ఉండదన్న సంగతి కుర్రాడికి తెలియదు. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో పొద్దస్తమానం తలొంచుకుని కూర్చునేవాడు, తెల్లచొక్కా తొడుక్కుని ఎత్తేయొచ్చనుకున్నాడు. కోవెల మీద జెండా ఎగిరినన్నాళ్ళూ గడపలోకి నలుపు రాకూడదన్న నియమమూ వాడికి గుర్తులేదు. గుర్తు చెయ్యడానికి ధనరాజ్ ఉన్నాడు. కోవెల కమిటీ అంటే ముగ్గురు: పూజారి మూర్తి గారు, పెద్దముత్తయిదువు అప్పలనరసమ్మ, ధనరాజ్. కిందటేడు కుండపోత వానలో నల్లగొడుగుతో వచ్చినవాణ్ణి గుమ్మంలోంచే వెనక్కి పంపిన ఘనుడాయన. భీమరాజు ఇల్లు తప్పుకుంటే వంతు పోయేది కూడా ఆయనింటికే.

గర్భగుడిలో అమ్మవారిది నల్లరాయే కదా, ఆవిణ్ణి ఎవరు ఆపారు అని భీమరాజుకి ఒక్క క్షణం అనిపించింది. అనిపించినందుకు వెంటనే లెంపలేసుకుని, భార్య సుధామణిని పిలిచాడు.

ఇద్దరూ కలిసి కొడుకు చేతిని అంట్లగిన్నెలా తోమారు. సబ్బు అయింది, చింతపండు అయింది, కొబ్బరిపీచు అయింది. జిగురు కొంత ఊడి నీళ్ళలో కలిసింది, కొంత చేతికే అతుక్కుంది. నలుపు మాత్రం కదల్లేదు. ఇక్కడి ఆడవాళ్ళు బుగ్గలకి రాసుకునే తనకా అనే చెట్టుచెక్క గంధం అరగదీసి, సుధామణి గోడకి సున్నం వేసినట్టు వేసింది. ఆరేసరికి చెయ్యి బూజుపట్టిన బూడిదగుమ్మడికాయలా తయారైంది.

"కడిగీసి తడితువ్వాలు సుట్టు," అన్నాడు భీమరాజు. "ఎవులొచ్చినా లోపలికి రానీకు. సాయంత్రం దాకా ఆలోచిద్దాం."

ఆ ఆలోచనకి వ్యవధి దొరకలేదు. కింద వీధిలోంచి కూరలమ్మి గంట వాయించింది. ఘటం మూతికి కట్టడానికి రేపు పొద్దున్న తెమ్మన్న వేపాకు, ఆవిడ ఒకరోజు ముందే తెచ్చేసింది. నాలుగో అంతస్తులో వాళ్ళ బాల్కనీ నుంచి వేలాడే తాడుకి మోపు తగిలించింది. సుధామణి తాడు లాగింది. వేపమోపు ఊగుతూ ఊగుతూ, సరిగ్గా రెండో అంతస్తులో కాఫీ తాగుతున్న అప్పలనరసమ్మ ముక్కు ముందునుంచి పైకి వెళ్ళింది.

"సుధామణీ," కిందినుంచి గొంతు వచ్చింది. "పండగ రేపు కదే. యాపాకు ఇయ్యాలెందుకే?"

అబద్ధం ఆడడం సుధామణికి రాదు. నిజం చెప్పడానికి వీల్లేదు. "హరికి సెయ్యి బాగోలేదు పెద్దమ్మా."

"బాగోకపోడమంటే?"

"సూపించడానికి లేదు."

"పనిలోకెళ్ళలేదా?"

"లోపల పడుకోబెట్టాం."

అప్పలనరసమ్మ గ్లాసు కింద పెట్టేసింది. ఇంట్లోకి వేపాకు రావడం, కుర్రాణ్ణి లోపల పడుకోబెట్టడం, తల్లి ఏమిటన్నది నోట చెప్పలేకపోవడం, ఈ మూడూ కలిస్తే ఆ వాడలో దానికి ఒక్కటే అర్థం. ఒంటిమీద పొక్కులు. అమ్మవారు పోసింది. దాన్ని జబ్బు అనరు, అమ్మ ఇంటికొచ్చిందంటారు. మందులడగరు; దణ్ణం పెడతారు.

మెట్లెక్కి వచ్చిన ముసలావిడ చేతిలో పెరుగుగిన్నె ఉంది. గుమ్మంలో అడ్డంగా నిలబడ్డ భీమరాజుని ఒక చేత్తో పక్కకి నెట్టింది.

"నాకు సిన్నప్పుడే పోసింది. నాకేటవ్వదు, తప్పుకో."

"అది కాదు పెద్దమ్మా, అసలేటంటే..."

"పేరు నోట్లోంచి రానీకు. సల్లగుండనీ."

అదే సమయానికి కరెంటు పోయింది. ఆ ఇళ్ళు రైలుపెట్టెల్లా పొడుగ్గా ఉంటాయి. నడిమిగదికి కిటికీ లేదు. దీపం వెలిగించబోతే అప్పలనరసమ్మ వారించింది. అమ్మ వచ్చినవాళ్ళ కళ్ళకి వెలుతురు పడదట. చీకట్లోనే తువ్వాలు విప్పింది. వేపాకు నీళ్ళలో ముంచి, భుజం నుంచి వేళ్ళదాకా తన రెండు అరచేతులతో మెల్లగా నిమిరింది. హరి బిగుసుకుపోయాడు.

"తల్లి బాగా దిగింది," అంది ఆవిడ. "సెయ్యంతా జిగటజిగటగా ఉంది."

భీమరాజు మనసులో లెక్క చూసుకున్నాడు. తాను ఒక్క అబద్ధమూ ఆడలేదు. కాదని మాత్రం అనలేదు. ఇప్పుడంటే, అమ్మవారి పేరు మీద ఇంతసేపు ఊరుకున్నందుకు ముసలావిడ మొహం ఎలా చూడాలి?

చూడాల్సిన మొహాలు ఇంకా పెరిగాయి. వార్త మెట్లు దిగి కోవెల దాకా నడిచినట్టుంది. కాసేపటికి ధనరాజ్, ఆయన వెనక మూర్తి గారు వచ్చారు.

"బావా, నీ మేలు కోరి సెప్తున్నాను," అన్నాడు ధనరాజ్ గుమ్మంలోనే. "అమ్మ పోసిన ఇంటోళ్ళు ఘటం ముట్టకూడదు. ఈ ఏడు మా గుంటడు ఎత్తుతాడు. నువ్వు దిగులెట్టుకోకు."

"ఎవులు సెప్పినారు నీకు?" లోపల్నుంచి అప్పలనరసమ్మ అంది. "తల్లి సొయంగా వచ్చి కూకున్న ఇంటికి వంతు లేదంటావేటి?"

"అసలు వచ్చిందో లేదో ముందు సూడాల గదా. నిన్న ఆ గుంటడు టీకొట్టు కాడ నూడిల్స్ తింటంటే నాను సూసినాను."

ధనరాజ్ తడుముకుంటూ వచ్చి హరి అరచేతిని తన రెండు చేతుల మధ్య పట్టుకుని నొక్కాడు. వేడి ఉందేమోనని మణికట్టు పట్టుకున్నాడు, మోచెయ్యి పట్టుకున్నాడు. భయంతో కుర్రాడికి చెమటలు పడుతున్నాయి.

"కాలుతున్నట్టే ఉంది," అని ఒప్పుకున్నాడు అయిష్టంగా.

మూర్తి గారు వాదనలో దిగే మనిషి కాదు. మంచం పక్కన మోకరిల్లి, హరి చేతిని భక్తిగా రెండు చేతులా తాకి, ఆ చేతులు కళ్ళకద్దుకున్నారు. తృప్తి చాలక మళ్ళీ అద్దుకున్నారు.

వంతు ఎవరిదన్నది రేపు పొద్దున్న కోవెలలోనే తేల్చుకుందామని ముగ్గురూ మెట్లు దిగారు. కరెంటు వచ్చింది. అమ్మ ఉన్న ఇంట్లో పోపు కూడదంటారు గనక, సుధామణి ఆ పూట పోపు పెట్టకుండానే వండింది, ఎందుకైనా మంచిదని.

భీమరాజు దేవుడి మూల కూర్చున్నాడు. "అమ్మా, నేనేమీ అనలేదు. వాళ్ళే అనుకున్నారు. అనుకున్నదాన్ని కాదనకపోతే అది అబద్ధం కిందకొస్తుందా?" అని మనసులో అడిగాడు. దీపం ఎప్పటిలాగే వెలిగింది. ఈ విషయంలో అది అతనికేమీ సాయం చెయ్యలేదు.

ఆదివారం తెల్లవారుతుండగా వంటింట్లోంచి సుధామణి పిలిచిన పిలుపుకి అతను ఒక్క పరుగున వెళ్ళాడు. ఆవిడ రెండు చేతులూ దీపం ముందు చాచి నిలబడింది. వేళ్ళు, అరచేతులు, మణికట్లు నల్లగా ఉన్నాయి. భీమరాజు తనవి చూసుకున్నాడు. అవీ అంతే.

"తల్లికి కోపమొచ్చింది," అంది సుధామణి. "నాను ముందే సెప్పేద్దామన్నాను."

"ఎప్పుడన్నావే?"

"మనసులో అన్నాను."

కళ్ళు నులుముకుంటూ వచ్చిన హరి ఇద్దరి చేతులూ చూసి, గోడకి చేరబడ్డాడు. "అమ్మ కోపం కాదు నాన్నా. ఆ రసం ముట్టుకున్నవాళ్ళకల్లా అంటుతుంది. అంటినట్టు అప్పుడు తెలియదు. రాత్రి గడిచాక నలుపు తేలుతుంది. అందుకే ఎవరినీ తాకనివ్వొద్దన్నాడు కో జా."

"నిన్న సెప్పలేదేటి?"

"చెప్పనిచ్చావేటి? కొబ్బరిపీచు పెట్టి తోముతూనే ఉన్నావు."

భీమరాజు నిన్న మంచం దగ్గరకి వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినే తలుచుకున్నాడు. అప్పలనరసమ్మ రెండు అరచేతులు. ధనరాజ్ రెండు చేతులు. మూర్తి గారివి చేతులతో ఆగలేదు. అమ్మవారి పండగనాడు కోవెల కమిటీని మొత్తం తన ఇల్లు నల్లగా చేసింది. ఇక వంతు మాట దేవుడెరుగు, ఆ వాడలో తలెత్తుకు తిరగడమే కష్టం.

"పద," అన్నాడు. "కండువా కప్పుకుని రా. నాను అందరి ముందరా నిజం సెప్పీసి, వంతు ఒదులుకుంటాను. తల్లికి సేసిన తప్పు కన్నా ఒదులుకోడమే తక్కువ నష్టం."

కోవెలలో అతను అనుకున్న అల్లరేదీ లేదు. చాలా నిశ్శబ్దంగా ఉంది. మూర్తి గారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని హారతిపళ్ళెం కోసం గాలిలో వెతుకుతున్నారు. ఎవరూ అడక్కుండానే, కళ్ళకలక అని చెప్పారు. ధనరాజ్ కొబ్బరికాయల తట్టని పొట్టకి ఆనించి రెండు చేతులూ దాని అడుగున దూర్చి నిలబడ్డాడు. నల్లటి కళ్ళద్దాలు గర్భగుడి దాకా వెళ్ళినా ఆయన పల్లెత్తు మాట అనలేదు. అప్పలనరసమ్మ పెద్ద గంగాళంలో పసుపు కలుపుతోంది. మోచేతుల దాకా మునిగి కలుపుతోంది. ఎంతకీ చేతులు పైకి తియ్యదు.

ప్రతివాళ్ళూ తమ చేతులు దాచుకునే పనిలో ఉండి, పక్కవాళ్ళ చేతులవైపు చూడడం లేదు. నల్లబడ్డది తానొక్కణ్ణే అనుకుంటున్నారు. ఏ పాపానికి ఈ ముద్ర పడిందో ఎవరి లెక్క వాళ్ళకి ఉన్నట్టుంది. ధనరాజ్ అయితే అమ్మవారి వైపు తల తిప్పడం లేదు.

భీమరాజు తువ్వాలు కప్పిన చేతులతో ముందుకొచ్చాడు. "పెద్దమ్మా, అందరూ ఒక మాట ఇనాల. నిన్న మా ఇంట్లో..."

"ఏటీ సెప్పకు," అంది అప్పలనరసమ్మ చటుక్కున. "ఇయ్యాల ఎవులూ ఏటీ సెప్పుకోనక్కర్లేదు. తల్లి రాత్రికి రాత్రి సల్లబడి ఎల్లిపోనాది. అంతేనా, మూర్తీ?"

"అంతే," అన్నారు మూర్తి గారు, స్తంభం వైపు తిరిగి.

"వంతు సంగతి తేల్చాల. ధనరాజూ, నిన్న మాటాడినావు గదా. రా, సేతులు సాపి ఘటం అందుకో."

ధనరాజ్ తట్టని ఇంకా గట్టిగా హత్తుకున్నాడు. "నాకెందుకు పెద్దమ్మా. ఎవుల వంతు ఆళ్ళదే."

"నిన్న కూడదన్నావు."

"నిన్న నిన్నే."

ముసలావిడ అతని తట్టవైపు చూసింది, మూర్తి గారి అద్దాల వైపు చూసింది, భీమరాజు తువ్వాలు వైపు చూసింది. పసుపులో ఆవిడ చేతులు ఒక్కసారి ఆగాయి.

"మా అమ్మమ్మ సెప్పేది," అంది నెమ్మదిగా. "ఎనకటికి మన దేశంలో ఈ పండగకి పసుపునీళ్ళు కాదంట. పసుపులో సెనగపిండి కలిపి దిట్టంగా పూసుకునీవోరంట. అందరూ మోసేతుల దాకా. ఘటమెత్తినోడు భుజాల దాకా. మద్దెన మానీశారు. ఈ ఏటినుంచి మళ్ళీ ఎట్టాల."

"అవునవును, మా తాత కూడా అనేవోడు," అన్నాడు ధనరాజ్. అని, తట్ట దించి, ఎవరూ చూసేలోపే రెండు చేతులూ గంగాళంలో ముంచేశాడు. మూర్తి గారికి మోచేతులతో పాటు కళ్ళచుట్టూ కూడా పూశారు. పూజారికి అది విశేషమని అప్పటికప్పుడు ఖాయమైంది.

భీమరాజు పసుపు ముద్దలైన అరచేతులు చాచి ఘటం అందుకున్నాడు. అది అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. కొడుకు నెత్తిన పెట్టేటప్పుడు తండ్రి భుజాలు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయిగాని, తుడుచుకునే ధైర్యం చెయ్యలేదు. హరి భుజాల దాకా పసుపు పూసిన రెండు చేతులూ ఎత్తి ఘటం పట్టుకుని, తడబడకుండా వీధిలోకి అడుగుపెట్టాడు. డప్పులు మోగాయి. వెనక నడుస్తూ భీమరాజు, ఇది అమ్మ దయో కాయ రసమో తేల్చుకోవాలని కొంతదూరం ప్రయత్నించాడు. ఆ తర్వాత ఆ రెండూ వేరువేరుగా ఉండి తీరాలని ఎవరన్నారు అనుకుని, ఊరుకున్నాడు.

సాయంత్రం కో జా ఫోన్ చేసి, ట్రయల్ నచ్చితే అసలుది ఎప్పుడు మొదలుపెడదామని అడిగాడు. వద్దులే అన్నాడు హరి. కోవెల కమిటీ మొత్తానికి వచ్చేసిన ఫ్యాషన్ తనకి నప్పదట.