బొమ్మాసురుడికి పౌరసన్మానం చేయాల్సిందే!

బొమ్మాసురుణ్ణి ఇంతకాలం విలన్ అన్నవాళ్ళంతా లెంపలు వేసుకోవాలి! ఆయనకు పౌరసన్మానం చేయాలి. శాలువా కప్పాలి, గజమాల వేయాలి, వీలైతే నాలుగు రోడ్ల కూడలిలో విగ్రహం కూడా పెట్టాలి.

బొమ్మాసురుడు ఎవరంటారా? పిల్లల కామిక్ పుస్తకంలో ఒక సూపర్ విలన్. ఒంటికి ఊదారంగు కోటు, నెత్తి మీద గిర్రున తిరిగే బొంగరం. ఆయన చెయ్యి తగిలితే చాలు, ఎలాంటి బొమ్మైనా ఆయుధమైపోతుంది. గిలక్కాయ ఊపితే బాంబులా పేలుతుంది. రబ్బరు బాతు నోట్లోంచి విషవాయువు వస్తుంది. కీ ఇస్తే నడిచే కోతిబొమ్మ చిడతలు వాయించుకుంటూ వెళ్ళి బ్యాంకు తలుపులు బద్దలు కొడుతుంది.

దీనికి ఆయన్ని రాక్షసుడంటారా? అటక మీద దుమ్ము కొట్టుకుపోతున్న బొమ్మలకు ఉపాధి కల్పించడం తప్పా?

పోనీ, ఆయన లేకపోతే మన ఇళ్ళలో బొమ్మలు బుద్ధిగా ఉంటున్నాయా? మీ అబ్బాయి పుట్టినరోజుకు మీ ఆడపడుచు డ్రమ్ము కొనిచ్చింది. అది ప్రేమతోనే ఇచ్చిందని మీరు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా? మెట్ల మీద వదిలేసిన చక్రాల కారు సంగతి, ఇప్పటికీ నడుముకు బెల్టు పెట్టుకుని తిరుగుతున్న మీ మామగారిని అడగండి. నేల మీద పడున్న చిన్న ప్లాస్టిక్ ముక్క ఎంత భారీ మనిషి చేతనైనా ఒంటికాలి మీద చిందులు వేయిస్తుంది. ఇంత శక్తి ఇంటింటా వృథా అయిపోతోంది! దీన్ని ఒక దారిలో పెట్టాలన్న ఆలోచన ఒక్క బొమ్మాసురుడికే వచ్చింది.

ఆయన మార్గంలో నడిచిన మొదటి రైతు మన తిరుపాలమ్మ. నా మాట మీద నమ్మకం లేనివాళ్ళు ఆమె కథ వినండి.

నల్లమాడ అవతల, గుట్టల కింద ఆమెకు కాస్త మెట్టచేను ఉంది. నిరుడు వానలు మొహం చాటేస్తే వేసిన వేరుశెనగ వేసినట్టే ఎండిపోయింది. మిగిలిన నాలుగు కాయలనూ అడవిపందులు తవ్వుకుపోయాయి. ఆమె మొగుడు ఎర్రిస్వామి ఒక సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకుని బెంగళూరులో బిల్డింగు పనికి వెళ్ళిపోయాడు. పోయేటప్పుడు ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. వచ్చే పంట ఇంటికి చేరితే అతను తిరిగి వచ్చేయాలి. చేరకపోతే ఇంటికి తాళం వేసి ఆమె కూడా బెంగళూరు బస్సెక్కాలి.

ఈ ఏడు వాన దేవుడికి ఎందుకో అనంతపురం వైపు దారి గుర్తొచ్చింది. చేను పచ్చగా లేచింది, నేలలోకి ఊడలు దిగాయి, వాళ్ళు బుడ్డ అనే కాయ ఊరింది. తిరుపాలమ్మ రోజూ ఒక చెట్టు పీకి, మట్టి దులిపి, కాయ వలిచి గింజ కొరికి చూసుకునేది. ఆ రుచి నాలుక మీద ఉండగానే మొగుడికి ఫోను చేసేది. "బుడ్డలు బాగ ఊరినాయి. నువ్వు మేస్త్రీకి ఇప్పట్నుంచే చెప్పిపెట్టు," అనేది. అతను ఆ పక్కన నవ్వితే ఆమెకు కడుపు నిండినట్టుండేది.

సరిగ్గా అప్పుడు పందులు దిగాయి.

ఆమె చేయని ప్రయత్నం లేదు. చేను చుట్టూ పాత చీరలు కట్టింది. పందులు చీరల కింద నుంచి దూరాయి. గోరంట్లకు పోయి క్షౌరశాలల్లో ఊడ్చిన వెంట్రుకలు గోనెసంచీకి ఎత్తించుకొచ్చి గట్ల మీద చల్లింది. పందులు ఒకసారి తుమ్మి, పని మొదలుపెట్టాయి. కుక్క అరుపులు రికార్డు చేసి మైకులో పెడితే ఊళ్ళో కుక్కలన్నీ వచ్చి మైకుతో పోట్లాడాయి. పందుల మీద చెయ్యి వేస్తే కేసంటారు. ఇంక మిగిలిన దారి ఏమిటి?

ఆ దారి మోపెడ్ మీద వచ్చింది. జిలాన్ బాషా తిరునాళ్ళలో, ఉరుసుల్లో బొమ్మలమ్ముతాడు. ఢిల్లీ సరుకు కింద పరిచి వచ్చే పాత కాగితాల్లో చదవదగ్గవి కనిపిస్తే దాచుకుని చదువుతాడు. మన బొమ్మాసురుడి కామిక్ ఆయనకు అలాగే దొరికింది. ఆయన దగ్గర ఒక పెద్ద పులిబొమ్మ ఎన్ని తిరునాళ్ళు తిరిగినా అమ్ముడుపోలేదు. పిల్లలు దాన్ని చూడగానే కెవ్వుమని తల్లుల కొంగుల్లో దూరేవారు.

ఆ పొద్దున గట్టు మీద తలపట్టుకుని కూర్చున్న తిరుపాలమ్మను చూసి ఆయన బండి ఆపాడు.

"ఏమక్కా, యాల అట్ల కూర్చోనుండావు?"

"ఏం జెప్పేదన్నా! మళ్ళా పందులు పడినాయి. ఆ మూల సాళ్ళన్నీ తవ్వి పోసినాయి. ఇట్లే అయితే ఆయప్ప వచ్చేది లేదు, నేను ఈడ ఉండేది లేదు."

జిలాన్ బాషా ఆమె పక్కనే కూలబడి కామిక్ తీసి బొమ్మాసురుడి ప్రతాపమంతా పేజీ పేజీకీ చూపించాడు. తర్వాత పులిబొమ్మకు కట్టిన తాళ్ళు విప్పాడు.

"పిల్లోళ్ళు జడుసుకుంటాండారని దీన్ని ఎవురూ కొనల్యా అక్కా. జడిపించేదే దీని పని. యాడ పెట్టాల్నో అది నాకే తెలీక తిరునాళ్ళకు తిప్పినా. నీ చేన్లో పెట్టు. పంట ఇంటికొచ్చినాక ఒక సంచి బుడ్డలియ్యి, చాలు."

గొప్ప ఆవిష్కరణలన్నీ ఇలాగే పుడతాయి! తిరుపాలమ్మ చేను నడిమధ్య రాళ్ళకుప్ప మీద పులిని కూర్చోబెట్టింది. బాషా బండి మీదివే, గాలికి గరగరలాడే రంగుల పంకాలు నాలుగు మూలలా పాతింది. సైరను మోగే పోలీసు జీపు బొమ్మను వేపకొమ్మకు వేలాడదీసింది. గాలి వీచినప్పుడల్లా ఆ జీపు ఎవరినో అరెస్టు చేయబోతున్నట్టు అరిచేది.

నమ్ముతారో లేదో, పందులు ఆగిపోయాయి! గట్టు దాకా వచ్చిన గిట్టల గుర్తులు గట్టు దగ్గరే వెనక్కి తిరిగాయి. చదువుకున్నవాళ్ళు, కంచెలు అమ్మేవాళ్ళు, టీవీలో సలహాలు చెప్పేవాళ్ళు చేయలేని పని ఒక గుడ్డ పులి చేసింది.

"పందులు ఆడికాడికే నిల్చిపోయినాయి. మేస్త్రీకి చెప్పినావా లేదా?" అంది తిరుపాలమ్మ ఫోనులో.

"చెప్పినాలే. నువ్వు ఎప్పుడు రమ్మంటే అప్పుడు," అన్నాడు ఎర్రిస్వామి.

ఆ మాట విన్నాక ఆమెకు నేల మీద కాలు నిలవలేదు. సంతోషం పట్టలేక మనవాళ్ళు ఏం చేస్తారు? పని చేసినవాడికి కూలి ఇవ్వకుండా ఉండగలరా? దున్నిన ఎద్దుకు పసుపు రాస్తాం, కోసిన కొడవలికి బొట్టు పెడతాం. తిరుపాలమ్మ కూడా పులి నుదుట కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, రెండు చిప్పలూ దాని ముందు పెట్టింది. పక్కన ఒక బెల్లపు ముక్క కూడా ఉంచింది.

మేకలు తోలుకుని పోతున్న పొరుగింటి మారెక్క ఇది చూసింది.

"ఇది చౌడమ్మ వాహనం గదే తిరుపాలా! ఇంత మహిమ పెట్టుకోని ఒక్కమాటన్నా చెప్పల్యా నువ్వు!"

"బొమ్మ మారెక్కా. బాషన్న ఇచ్చినాడు."

"ఎవురిస్తేనేమి, నీ చేను నిలబెట్టిందా లేదా?"

ఆ మాట తిరుపాలమ్మకు నచ్చింది. మొగుణ్ణి ఇంటికి తెచ్చేది బొమ్మ అనుకోవడం కన్నా అమ్మవారు అనుకుంటే కొంచెం ధైర్యంగా ఉంటుంది కదా! మరుసటి శుక్రవారానికి ఊరు ఊరంతా ఆ చేనిగట్టు పట్టింది. ఎవరి మొక్కు వాళ్ళది. బోరులో నీళ్ళు పడాలని ఒకరు, కొడుక్కి పిల్ల దొరకాలని ఒకరు. బొరుగులు, బెల్లం, అరటిపళ్ళు, వేయించిన శనగపప్పు ఆకుల్లో రాళ్ళకుప్ప నిండా చేరాయి. వేలాడే జీపు సైరను పూజకు అడ్డమని ఎవరో బ్యాటరీ తీసేశారు. పులికి ముక్కు దాకా, మూతి దాకా కుంకుమే.

పందికి భక్తి ఉండదని మీరు ఇప్పటిదాకా అనుకుంటూ ఉంటే, ఆ అభిప్రాయం మార్చుకోండి. బెల్లం వాసన గుట్ట మీదికి పోయింది. పిల్లాపాపలతో సహా మంద దిగివచ్చింది. నేరుగా పులి పాదాల దగ్గరికి వచ్చి ప్రసాదం స్వీకరించింది. ఇంత దగ్గరగా చూశాక పులంటే భయమెందుకుంటుంది? పులిని పక్కకు తోసి, ప్రసాదం అయ్యాక భోజనానికి కూర్చున్నట్టు చేనంతా తినేసింది.

తెల్లారి మారెక్క ముందుగా వచ్చింది. ఖాళీ అయిన ఆకులు చూసి చేతులు జోడించింది.

"తల్లీ, అంతా ఆరగించినావా!"

వెనకే వచ్చిన తిరుపాలమ్మ ఆకులు చూడలేదు. చేను చూసింది. దుక్కి దున్నినట్టుగా నేలంతా తిరగబడి ఉంది. తెల్లటి కాయతొక్కలు, తెగిన ఊడలు, నలిగిన ఆకు. ఆమె వంగి మట్టిలో చెయ్యి పెట్టి వెతికింది. పందులు వదిలేసిన కాయలు గుప్పెడు దొరికాయి. అవి కొంగులో వేసుకుని, పడిపోయిన పులిని తీసి మళ్ళీ రాళ్ళకుప్ప మీద కూర్చోబెట్టింది. దాని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఆమెకు ఓపిక లేదు. అది ఎంత పని చేయాలో అంత చేసింది.

చూశారా పాఠకులారా! ఇందులో బొమ్మాసురుడి తప్పు ఏమైనా ఉందా? ఆయన బొమ్మను ఆయుధం చేశాడు. ఆయుధాన్ని దేవుణ్ణి చేసింది మనం. దేవుడికి నైవేద్యం పెట్టిందీ మనమే. పందులు పిలిచిన పేరంటానికి వచ్చాయి, తప్పా?

పైగా ఆ పులి అంతటితో ఓడిపోలేదు. అసలు విజయం తర్వాత ఉంది.

పంట నష్టం చూసే ఆఫీసరుగారికి తిరుపాలమ్మ కబురు పెట్టింది, మనుషుల చేత చెప్పించింది, తానే పోయి రెండుసార్లు గుమ్మం ముందు కూర్చుంది. ఎట్టకేలకు ఒక మధ్యాహ్నం జీపు వచ్చి రోడ్డు మీద ఆగింది. ఆఫీసరుగారు అద్దం దించి చేను వైపు చూశారు. మూతి నిండా ఎర్రటి కుంకుమతో పులి ఆయన వైపు చూసింది. ఆయన చటుక్కున అద్దం ఎత్తేశారు!

"బొమ్మ సార్! దిగండి, ఏం గాదు," అంది తిరుపాలమ్మ అద్దం దగ్గర నిలబడి.

అద్దం జానెడు దిగింది.

"బొమ్మా? ఎవరు పెట్టారు?"

"నేనే సార్. పందులు రాకుండా పెట్టినా."

"మరి పులిని పెట్టుకున్నాక పందులెలా వస్తాయమ్మా? పంటకు రక్షణ ఉన్నట్టే కదా!"

"వచ్చినాయి సార్. చేన్లోకి వచ్చి చూడండి, ఒక్క చెట్టు లేదు. ఒక్కసారి దిగండి సార్."

"ఇక్కణ్ణుంచి కనిపిస్తూనే ఉంది," అన్నారాయన. జీపు వెనక్కి తిరిగింది.

జయహో బొమ్మాసురా! పందుల ముందు పనిచేయని ఆయుధం ప్రభుత్వ వాహనాన్నే వెనక్కి తిప్పింది! ఆఫీసరుగారు దిగకపోవడానికి ఒక గౌరవనీయమైన కారణం దొరికింది. ప్రజలకూ అధికారులకూ మధ్య ఒక బొమ్మ ఇంత సామరస్యం తెస్తుందని ఎవరనుకున్నారు?

ఇదే మాట జిలాన్ బాషా కూడా తిరుపాలమ్మతో అన్నాడు. అయితే ఆయన నాలాగా గర్వంగా అనలేదు, నేరం చేసినవాడిలా తల దించుకుని అన్నాడు.

"నా పులి వల్లనే ఆయప్ప దిగల్యా అక్కా. ఈ బొమ్మ నీకు ఇయ్యకుండా ఉండాల్సింది నేను."

తిరుపాలమ్మ ఆ రోజు ఏరి దాచిన గుప్పెడు కాయలు కొంగులో పోసుకుని వలుస్తూ ఉంది.

"నిరుడు నీ పులి లేదు గదన్నా. ఎండిపోయిన చేను చూసేదానికి వచ్చినప్పుడు గూడా ఈయప్ప దిగల్యా. అప్పుడు దేనికి జడుసుకున్నట్టు?"

జిలాన్ బాషా ఏదో ఒకటి అనాలని మళ్ళీ తన కామిక్ గురించే ఎత్తుకున్నాడు. అందులో ఇలాగే ఊరంతా నాశనమవుతుందట. చివరికి మాత్రం అంతా సర్దుకుంటుందట.

"ఎట్ల సర్దుకుంటాది?"

"హీరో ఒకడు ఉంటాడక్కా. ఆకాశంలో నుంచి దిగతాడు."

తిరుపాలమ్మ నవ్వింది. పంట పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి.

"ఆకాశంలో నుంచి యాడ దిగుతాడన్నా. ఈడ జీపులో నుంచే దిగరు."

అప్పుడే ఆమె ఫోను మోగింది. బెంగళూరు నుంచి ఎర్రిస్వామి. మేస్త్రీ సరేనన్నాడట, సంచి కూడా సర్దేసుకున్నాడట, ఏ పొద్దుకు బయల్దేరమంటావని అడుగుతున్నాడు. ఆమె చేను గురించి ఇంకా అతనికి చెప్పలేదు. వలిచిన గింజలు జిలాన్ బాషా చేతిలో పోసి, లేచి నిలబడి, చీరకంటిన మట్టి దులుపుకుంది.

"ఆ సంచి విప్పేయి. నువ్వు రావద్దు," అంది. "నేనే వస్తాండా."