హెల్మెట్ మృతికి సంతాపం

మట్టి బైకుల సంఘం వారి హెల్మెట్ ఆదివారం ఉదయం ట్రాక్ మీద తుదిశ్వాస విడిచింది. వయసు రెండేళ్లు. ఆ రెండేళ్లలో అది పని చేసింది ఒక్క పూట. ఆ పూటే పోయింది. మంచివాళ్లకే ఇలా జరుగుతుందని అధ్యక్షులవారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ప్రమాద సమయంలో హెల్మెట్ లోపల ఒక తలకాయ కూడా ఉంది. అది బతికింది. దాని సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు కనుక నేనే చెప్పాల్సి వస్తోంది.

ఆ తలకాయ రవ్వది. అధ్యక్షులవారి సొంత అక్క కూతురు. పగలంతా షెడ్డులో ఇనప గేట్లకు వెల్డింగు చేస్తుంది గనక ఆ పేరు స్థిరపడింది. సెలవు దొరికితే ట్రాక్ మీద దిబ్బలు దూకిస్తుంది. షెడ్డులో మొహానికి మాస్కు లేకుండా రాడ్డు ముట్టదు. ఓనరుకు భయపడి కాదు, కళ్లు తనవి కాబట్టి. ట్రాక్ మీద మాత్రం వట్టి తలే.

వట్టి తల అంటే ఏమిటో రవ్వకు తెలుసు. రెండేళ్ల కిందట పెద్ద దిబ్బ దగ్గర మా ఊరి పాలవాడు వట్టి తలతోనే పడ్డప్పుడు అతని వెనక బండి తనదే. పాలవాడు బతికాడు. కాకపోతే అప్పట్నించీ పెళ్లాన్ని అక్కా అని పిలుస్తున్నాడు. ఆ ఇల్లాలు పలకడం కూడా అలవాటు చేసుకుంది.

ఆ ఘటనతో సంఘం చలించిపోయింది. సభ్యులందరి చందాలూ పోగేసి మేలురకం హెల్మెట్ కొన్నారు. మెడకు, ఛాతీకి, మోకాళ్లకు కవచాలు కొన్నారు. కొన్నాక అసలు భయం పట్టుకుంది: వీటికేమైనా అయితే? అద్దాల బీరువా చేయించి తాళం వేశారు. దుమ్ము లేస్తుందని ఆఫీసులో ఫ్యాను ఆపేశారు. బీరువా మీద బోర్డు పెట్టారు: "భద్రతే ప్రాణం. ముట్టుకోరాదు." హెల్మెట్ అద్దానికి అంటించి వచ్చిన పల్చటి ప్లాస్టిక్ పొరను అధ్యక్షులవారు పొద్దున్నే బొటనవేలితో నిమిరి, బుడగలు రాకుండా సర్దేవారు. సొంత బిడ్డల తలలు కూడా ఆయన అంత ప్రేమగా నిమరలేదని గిట్టనివాళ్లు అంటారు. గిట్టినవాళ్లూ అంటారు.

"మావయ్యా, ఆ హెల్మెట్ ఇస్తే ఓ చుట్టు కొట్టొస్తా," అని రవ్వ అడిగింది.

"ట్రాక్ మీదకా? మట్టవుతుందే!"

"మట్టి ట్రాక్ మీద మట్టి గాక మల్లెపూలు రాలతాయా?"

"అది కాదే పిచ్చిదానా, పడ్డావనుకో, గీతలు పడవూ?"

"నా మొహం మీద పడితే?"

అధ్యక్షులవారు ఓపికగా చెప్పారు. "నీ మొహం సంఘం ఆస్తి కాదు గదే అమ్మా."

అంతలో భద్రతా దినోత్సవం వచ్చింది. ముఖ్య అతిథి ముందు పెద్ద దిబ్బ మీంచి రవ్వ దూకి చూపించాలని నిర్ణయమైంది. హెల్మెట్‌ను వేదిక మీద దిండు వేసి కూర్చోబెట్టారు. జనం తోసుకుంటే ప్రమాదమని, మలుపు దగ్గర బళ్లు గుద్దుకోకుండా పేర్చిన పాత టైర్లన్నీ లాక్కొచ్చి దాని చుట్టూ కోట కట్టారు. రవ్వ ముందుగా ట్రాక్ చూసొచ్చింది.

"మావయ్యా, దిబ్బ దిగే వైపు వానకు గండి పడింది. పూడ్పించు."

"చూశాంలే. అతిథి గారి కంట్లో పడకుండా మీద ఆకుపచ్చ తివాచీ పరిపించాం."

"తివాచీ మీద బండి ఆగుతుందా?"

"అన్నిటికీ పెడర్థాలే నీకు! పారలన్నీ ట్రాక్ పక్క రాళ్లకు సున్నం కలపడానికి పోయాయి. ఈ ఒక్కరోజుకీ సర్దుకో."

తర్వాత ఉపన్యాసం మొదలైంది. "సోదర సోదరీమణులారా! భద్రత మనందరికన్నా గొప్పది! మనుషులు వస్తారు, పోతారు. భద్రత శాశ్వతం!" చప్పట్లు మోగాయి. ముందు వరుసలో పాలవాడు కూడా కొట్టాడు. పక్కనున్న ఇల్లాలితో, "బాగా చెప్పాడు గదక్కా," అన్నాడు. ఆమె పలికింది.

అది రవ్వ చెవిన పడింది. తిన్నగా వేదికెక్కి, టైర్ల కోట దాటి, హెల్మెట్ అందుకుంది. అద్దం మీది పొర గోటితో పట్టి చర్రున లాగేసింది. మైకు ముందే లాగింది కాబట్టి ఊరంతా వినబడింది.

"కవరు! ఓసి నీ ఇల్లు బంగారంగానూ, కవరు పీకేశావే!" అని అధ్యక్షులవారు గుండె పట్టుకున్నారు. ఆయన తేరుకునేలోగా బండి దిబ్బెక్కింది.

దూకడం బాగానే దూకింది. దిగడం తివాచీ మీద దిగింది. ముందు చక్రం గండిలోకి పోయింది, బండి ఒక పల్టీ, రవ్వ రెండు. తల వెళ్లి సున్నం పూసిన రాయికి కొట్టుకున్న శబ్దానికి జనం లేచి నిలబడ్డారు.

అధ్యక్షులవారు అందరికన్నా ముందు పరిగెత్తారు. మోకాళ్ల మీద కూలబడి, "ఎంత దెబ్బ తగిలిందే నా తల్లీ!" అన్నారు. ఏడుపే తక్కువ. రవ్వకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తననే అనుకుంది పాపం. ఆయన హెల్మెట్ ఊడదీసి ఒళ్లో పెట్టుకున్నాక అర్థమైంది.

సంతాప సభ మర్నాడే జరిగింది. మరణానికి కారణం లోపల తల ఉండటమేనని విచారణ సంఘం తేల్చింది. ఇకపై సంఘం హెల్మెట్లలో ఎవరూ తల పెట్టరాదని తీర్మానించారు. కొత్త హెల్మెట్‌కు ఇనప బోను చేయించాలనీ, ఆ వెల్డింగు రవ్వే ఉచితంగా చేసి పాపం కడుక్కోవాలనీ మరో తీర్మానం.

మోచేతికి కట్టుతో చివరి బెంచీలో కూర్చున్న రవ్వ లేచింది. "చేస్తా మావయ్యా. మనిషి పట్టేంత చెయ్యనా? మమ్మల్ని బోనులో పెట్టి తాళమేసి, హెల్మెట్‌నే ట్రాక్ మీదకి తోలుదువుగాని."

అధ్యక్షులవారు ఆలోచించి, సూచన పరిశీలనార్హమని రాసుకోమన్నారు.

రెండు నిమిషాల మౌనంలో పాలవాడి గొంతు వినిపించింది. "ఎవరు పోయారక్కా?"

"ఎవరూ పోలేదు," అంది ఆమె, రవ్వ తలకేసి చూస్తూ. "ఈసారి ఎవరూ పోలేదు."

సభలో మాట్లాడినందుకు ఆమెను మందలించారు. మౌనం ముగిసింది. సభ్యులు బరువెక్కిన గుండెలతో బయటికొచ్చి బళ్లెక్కారు. ఎవరి హెల్మెట్ వాళ్లు బండి అద్దానికి తగిలించుకుని, దానికేమీ కాకుండా నెమ్మదిగా నడుపుకుంటూ ఇళ్లకు పోయారు.

నవ్వొచ్చిందా? రాకేం, వస్తుంది. మీ బండిమీద మాత్రం హెల్మెట్ పెట్టుకునేది ఎవరు, పెట్రోలు ట్యాంకేగా?